శాతవాహన వెండి, ఓడ బొమ్మ సీసం, గాంగుల ఫణం: వేలం ఫొటోలు చూసి నకిలీని పట్టేదెలా?

బీచ్‌రోడ్డు నాణేలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఇంతవరకు కొన్నవన్నీ నిజాం, కంపెనీ కాలం నాణేలే, పురాతన నాణేల జోలికి వెళ్లడం ఇదే మొదలు. ఒక ఆన్‌లైన్ వేలంలో ఒకే అమ్మకందారువి మూడు లాట్లు చూసి పెట్టుకున్నాను. ఆదివారం రాత్రి 9 గంటలకు ముగుస్తాయి. ఆయనది వేరే రాష్ట్రం, వెళ్లి చేత్తో పట్టుకుని చూసే వీలు లేదు.

లాట్ 1: యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం. ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు, నాలుగు కొసలా సున్నాలు), కొండ గుర్తు. 17 మి.మీ., 2.61 గ్రా.

లాట్ 2: ఓడ బొమ్మ సీసం నాణేలు, మూడు. "పొలంలో దొరికినవి దొరికినట్టే, మట్టి కూడా కడగలేదు" అని రాశారు.

లాట్ 3: తూర్పు గాంగుల బంగారు ఫణం (బుల్లి బంగారు నాణెం), 0.44 గ్రా. మెషిన్‌లో 22 క్యారెట్ వచ్చిందని చీటీ ఫొటో జత చేశారు.

ఇంకో మాట. లాట్ 1 లాంటిదే ఈయన పోయిన నెల ఒకటి అమ్మాడు, బరువు 2.47 అని ఉంది. ఆ ఫొటో కూడా పెడుతున్నాను. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఒకే అచ్చుతో కొట్టినవి కాబట్టి నమ్మొచ్చు అనుకుంటున్నాను, సరేనా? నా దగ్గర 0.01 గ్రా. చూపించే కాటా, పది రెట్ల భూతద్దం ఉన్నాయి. ముందు ఏం చూడాలి, తెప్పించుకుంటే ఇంట్లో ఏం చేయాలి, చెప్పండి.

తొట్లకొండ మెట్లు

బీచ్‌రోడ్డు గారూ, ఆ పాత ఫొటో పెట్టి మంచి పని చేశారు. లాట్ 1 సంగతి దాంతోనే తేలిపోయింది. అది పోత నాణెం, అంటే మూసలో పోసిన నకిలీ, బిడ్ వేయకండి.

ఒకే అచ్చు వేరు, ఒకే బిళ్ళ వేరు. చెక్కిన అచ్చులు రెండుండేవి. కింది అచ్చు మీద వెండి బిళ్ళ పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవారు. ఒక అచ్చు చాలా నాణేలకు పనికొస్తుంది. అచ్చులోనే రాజు ముక్కు దగ్గర చిన్న పగులుంటే ఆ గీత దానితో కొట్టిన అన్నిటి మీదా పడుతుంది, అందులో తప్పేం లేదు. బిళ్ళ మాత్రం ప్రతి దెబ్బకీ కొత్తది. దాని ఆకారం, అచ్చు మీద అది ఎటు జరిగి కూర్చుంది, దెబ్బకి అంచు ఎక్కడ చీలింది, తర్వాత చేతులు మారుతూ ఎక్కడ అరిగింది, ఇవన్నీ రెండింటికీ ఒకేలా రావు. ముఖం పోలికలు కలిస్తే అన్నదమ్ములు. మోకాలి మీద కుట్ల మచ్చ కూడా కలిస్తే జిరాక్స్ కాపీ.

మీ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని గడియారం లెక్కన చూడండి. 7 గంటల దగ్గర అంచు చీలింది. రెండింట్లోనూ ఆ చీలిక లోపలికి వచ్చి, కుడికి వంగి, రాజు మెడ దగ్గర ఆగింది. బొమ్మ రెండింట్లోనూ ఎడమకే జరిగింది, 1 గంట దగ్గర అక్షరాల తలలు ఒకే ఎత్తులో తెగాయి. తిప్పి చూస్తే, కొండ గుర్తు పక్కన గోరుతో నొక్కినట్టున్న సొట్ట రెండింటికీ ఉంది. సొట్ట అంటే వాడకంలో తగిలిన దెబ్బ. రెండు నాణేలకి ఒకే దెబ్బ ఎలా తగులుతుంది?

పాతది అమ్ముడుపోక తిరిగొచ్చిన అదే నాణెమేమో అనుకోవచ్చు. బరువు చూడండి, 2.61, 2.47. ఒక నాణెం నెలలో 0.14 గ్రా. పెరగదు. ఒకే మూసలో రెండుసార్లు పోశాడు, మందం కొంచెం తేడా వచ్చింది, అంతే.

ఇలాంటివి కంటితో తేలకపోతే ఫోన్‌లో ఏదైనా ఫొటో ఎడిటింగ్ యాప్ తెరిచి, ఒక ఫొటో మీద రెండోది పరిచి, పైదాన్ని సగం పారదర్శకం చేయండి. సైజు, కోణం సరిచేశాక బొమ్మ మాత్రమే కలిసి అంచులు కలవకపోతే ఒకే అచ్చు. అంచు గీతతో సహా కలిసిపోతే పోత.

బరువు గురించి. శాతవాహనుల ముఖం బొమ్మ వెండి నాణేలు పశ్చిమ క్షత్రపుల (గుజరాత్, మాళ్వా వైపు ఏలినవాళ్లు) ద్రమ్మల, అంటే వాళ్ల వెండి నాణేల తూకాన్ని అనుసరించినవి, అంటే రెండు గ్రాముల అటూఇటూ. పాత వెండి అరుగుదల వల్ల, తుప్పు వల్ల తగ్గుతుంది గానీ పెరగదు. 2.61 అనేసరికే చెయ్యి ఆగాలి. పోత నాణేనికి ఇంకో లక్షణం ఉంది. కరిగిన వెండి గట్టిపడేటప్పుడు ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది. అసలు దానికంటే వ్యాసం ఒక వెంట్రుక వాసి తక్కువ, మందం మాత్రం ఎక్కువ వచ్చిందంటే మూసలో పోసిందని అనుమానించాలి.

అక్షరాల సంగతి చాలామంది వదిలేస్తారు, మన తెలుగువాళ్లకి ఇది కష్టమేం కాదు. ముందువైపు ప్రాకృతం: "రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస". మాటలు "స"తో ముగుస్తాయి. వెనకవైపు ఇదే పేరు దక్షిణాది భాషలో, మాటల చివర "కు" వస్తుంది, మన "కు" విభక్తికి చుట్టమే. బ్రాహ్మీ "క" అంటే కూడిక గుర్తు, కాకపోతే శాతవాహనుల కాలానికి నిలువు గీత కిందికి సాగుతుంది. "య" మూడు పళ్ల గుర్తు. ఈ రెండక్షరాలు గుర్తుపెట్టుకుని అంచు చుట్టూ వెతకండి. అచ్చు కొత్తగా చెక్కే దొంగకి బ్రాహ్మీ రాదు, బొమ్మ చూసి గీస్తాడు. గీతలుంటాయి, అక్షరం ఉండదు. మీ లాట్‌లో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఎందుకంటే అసలు నాణెం నుంచి తీసిన మూస. అందుకే ఒక్క పరీక్ష పాసయితే చాలనుకోకూడదు.

సీసం ప్రియుడు

లాట్ 1 మీద తొట్లకొండ గారు చెప్పాక నేను కలపడానికేమీ లేదు. లాట్ 2 నాది.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. వంటింటి గ్యాస్ పొయ్యి, ఇనుప గరిటె, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మూస ఉంటే చాలు. పైగా లోహం అసలుదానిలాంటి సీసమే, కాబట్టి సాంద్రత చూసినా తూకం చూసినా పట్టుబడదు. సీసంలో చూడాల్సింది మూడే: పైపొర, అంచు, చెక్కుడు.

పైపొర: నేలలో వందల ఏళ్లు పడుకున్న సీసం మీద బూడిద తెలుపు, లేత గోధుమ రంగు పొర కడుతుంది. అది సీసం కార్బొనేటు, లోహం నుంచే పుట్టింది. లోహాన్ని పట్టుకుని ఉంటుంది, గుంటల్లో మందంగా, ఎత్తుల మీద పలచగా, అక్కడక్కడ పొక్కుల్లా. దొంగ పొర పైనుంచి పూసింది, అక్షరాల పక్కన సందుల్లో ఒకే రంగు మట్టి, ఎత్తుల మీద శుభ్రంగా తుడిచిన సీసం మెరుపు. "మట్టి కూడా కడగలేదు" అనేవాటిలో ఆ మట్టిని ఫెవికాల్‌తో అంటించడం మామూలు.

నాణెం చేతికొచ్చాక పరీక్ష ఇది. అసిటోన్ తీసుకోండి, మందుల షాపులోదో ల్యాబ్ సరుకులదో. గోళ్ల రంగు తీసే రంగు సీసా వద్దు, అందులో నూనె, వాసన కలుపుతారు. చెవి పుల్ల దూది అసిటోన్‌లో ముంచి, అంచు దగ్గర మూలన ఒక చోట అర నిమిషం అద్ది ఉంచి మెల్లగా తిప్పండి. దూదికి ఆకుపచ్చ, గోధుమ రంగు దిగినా, మట్టి మెత్తబడి జిగురుగా సాగినా పూత. నిజమైన పొర అసిటోన్‌కి కదలదు, లోహానికీ హాని లేదు. కిటికీ తీసి ఉంచండి, పొయ్యి దగ్గర వద్దు. ఎపాక్సీ రకం జిగుర్లు మాత్రం అసిటోన్‌కి అంత తొందరగా లొంగవు. వాటికి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేసి చీకట్లో చూడండి, జిగురు, పెయింటు చాలావరకు నీలం తెలుపుగా మెరుస్తాయి, మట్టి మెరవదు.

ఇక ఓడ. శాతవాహనుల ఓడ నాణెం మీద రెండు తెరచాప స్తంభాలు, వాటి నుంచి దిగే తాళ్లు, ఓడ వెనక చుక్కాని తెడ్లు ఉంటాయి. రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఏనుగు బొమ్మ సీసం కంటే ఓడ బొమ్మకి గిరాకీ చాలా ఎక్కువ, కాబట్టి అరిగిపోయిన ఏదో ఒక సీసం నాణెం తీసుకుని సూదితో ఓడ గీయడం లాభసాటి పని. ఇది పట్టుకోవడం తేలిక. ఓడ కొత్త పెళ్లికూతురిలా నిండుగా ఉండి, చుట్టూ ఉన్న గీత, వెనకవైపు గుర్తు మాత్రం ఆనవాలు లేకుండా అరిగి ఉంటే నమ్మకండి. అరుగుదల మనిషిని చూసి రాదు, రెండువైపులా వస్తుంది. భూతద్దంలో ఇంకో తేడా: కొట్టినప్పుడు లోహం పక్కకి ఒరిగి గీత పక్కన గుండ్రంగా లేస్తుంది. సూదితో గీస్తే అడుగు మెరుస్తుంది, రెండు పక్కలా పదునైన కరుకు అంచు లేస్తుంది.

మీ ఫొటోలో మూడింటి ఓడా ఒకే లోతు, ఒకే మెరుపు. నేనైతే దాటేస్తాను.

"పొలంలో దొరికినవి" అన్న మాట చూసి ముచ్చట పడకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. అంటే ఆయన చెప్పింది అబద్ధమైనా అయ్యుండాలి, నిజమైతే ఇంకా ఇబ్బందైనా అయ్యుండాలి.

వన్‌టౌన్ వాసి

సీసం ప్రియుడు గారు చెప్పిందంతా బాగానే ఉంది గానీ, ఇంత హైరానా ఎందుకండీ. నిమ్మకాయో చింతపండో వేసి తోమితే పూత అయితే పోతుంది, అసలుదైతే మిగులుతుంది. వెండిదైతే గచ్చు మీద వేసి మోత వినాలి, మా పెద్దవాళ్లు అలాగే చూసేవారు. ఫణానికైతే కురుపాం మార్కెట్‌లో టచ్ (బంగారం శుద్ధి పరీక్ష) చూపిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

గీటురాయి

వన్‌టౌన్ గారూ, కోపం తెచ్చుకోకండి, మూడూ వద్దు.

చింతపండు, నిమ్మరసం ఆమ్లాలు. నిజమైన కార్బొనేటు పొరని అవే ముందు తింటాయి, దొంగ పెయింటు చక్కగా మిగిలిపోతుంది. పరీక్ష తలకిందులవుతుంది. సీసాన్ని వినెగర్‌లో గానీ ముంచితే నాణెమే కరగడం మొదలుపెడుతుంది, ఆ వచ్చేది విషం. డిస్టిల్డ్ వాటర్ అయితే ఏం కాదని రాత్రంతా నానబెట్టేవాళ్లున్నారు, సీసానికి అదీ పడదు. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, పిల్లలకి అందకుండా పెట్టడం మరవొద్దు.

మోత పరీక్ష రాణి రూపాయికి, రాజు రూపాయికి పనికొస్తుంది. రెండు వేల ఏళ్లు నేలలో ఉన్న వెండి లోపల పెళుసు బారుతుంది. గచ్చు మీద పడితే బిస్కెట్టులా రెండు ముక్కలు కావొచ్చు. పైగా అంచు చీలిన అసలు నాణెం బొంగురుగానే మోగుతుంది, ఒకే ముక్కగా పోసిన దొంగది ఖంగుమంటుంది.

టచ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే లాట్ 3 చీటీ అంతా దాని మీదే ఉంది. షాపుల్లో వాడే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ (ఎక్స్‌రేలతో లోహాన్ని చదివేది) పైపొరనే చదువుతుంది, కొన్ని మైక్రాన్ల లోతు. మందంగా పూత పూస్తే పూతనే చదివి చెబుతుంది. సరే, పూత కాదు, నిజంగా 22 క్యారెట్లే అనుకుందాం. దాంతో తేలింది లోహం. వయసు కాదు. అర గ్రాము కూడా లేని బంగారానికి చారిత్రక నాణెం ధర వస్తున్నప్పుడు, అసలు బంగారంతోనే దొంగ ఫణం కొట్టినా వాడికి గిట్టుబాటే. కంసాలి పనిముట్లు చాలు.

అయితే మెషిన్‌ని సరిగ్గా అడిగితే పనికొచ్చే మాట చెబుతుంది. క్యారెట్ ఒక్కటే కాదు, మొత్తం లోహాల పట్టీ ప్రింట్ అడగండి. బంగారంలో కాడ్మియం కనబడితే అక్కడితో కథ అయిపోయింది. కాడ్మియాన్ని కనుక్కున్నదే 1817లో. మనం కేడీఎం అనేది ఆ కాడ్మియం అతుకునే. వెండిలో దీనికి ఉల్టా చూడాలి. పాతకాలం వెండి సీసపు ఖనిజం నుంచి తీసింది, అందులో కొద్దిపాటి సీసం, పిసరంత బంగారం మిగిలిపోతాయి. సీసం, బంగారం రెండూ సున్నా, వెండి 99.9 అని వస్తే అది ఇవాళ్టి రిఫైనరీ వెండి. సరిగ్గా 92.5 వచ్చినా అనుమానించండి, అది నగల వెండి లెక్క. ఒక జాగ్రత్త: పాత వెండి పైపొరలో రాగి కరిగిపోయి, వెండి శాతం లోపలికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి శాతం అంకె కంటే ఏ లోహాలున్నాయన్నదే ముఖ్యం.

షాపులో ఇచ్చేటప్పుడు ముందే చెప్పండి, గీటురాయి మీద గీయొద్దు, ఆసిడ్ చుక్క వేయొద్దు అని. అలవాటు కొద్దీ గీసేస్తారు. (నా పేరు చూసి నవ్వకండి.)

ఫణం ఫొటోలో మెషిన్ అవసరం లేకుండా కనబడేది ఒకటుంది. అంచు ఫొటో పెద్దది చేసి చూడండి. అసలు ఫణం బియ్యపు గింజంత బంగారాన్ని కొట్టి చదును చేసింది, అంచు గుండ్రంగా, సన్నటి నెర్రెలతో ఉంటుంది. అచ్చు కంటే బిళ్ళ చిన్నది కాబట్టి పడుకున్న ఎద్దులో సగమో, వెనకవైపు "స" (సంవత్సరం అని) కింద అంకెలో కొంతో బయటికి పోతుంది. మీ లాట్‌లో ఎద్దు, నెలవంక, శంఖం అన్నీ బిళ్ళ మధ్యలో ముగ్గు వేసినట్టు పొందికగా సరిపోయాయి. అంచు గోడలా నిటారుగా ఉంది, అంటే రేకులోంచి పంచ్‌తో కత్తిరించారు. నా లెక్కలో కొత్త సరుకే.

బీచ్‌రోడ్డు నాణేలు

గురువులందరికీ దండాలు. మూడూ పోయాయన్నమాట! గీటురాయి గారూ, సాంద్రత పరీక్ష ఇంట్లో చేయొచ్చని చదివాను. నా 0.01 కాటాతో ఫణానికి కుదురుతుందా?

గీటురాయి

సగం కుదురుతుంది. పద్ధతి ఇది. ముందు నాణేన్ని పొడిగా తూయండి. తర్వాత కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టండి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి, బుడగలు నాణేనికి అంటుకోకుండా. ఆ తర్వాతే కాటాని సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, పైన స్కేలుకో పెన్నుకో వేలాడదీసి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగునీ గోడనీ తాకకుండా దించండి. నూలు దారం నీళ్లు పీల్చి లెక్క చెడగొడుతుంది. ఇప్పుడు కాటా చూపించే అంకె నాణెం ఘనపరిమాణం. పొడి బరువుని దాంతో భాగిస్తే సాంద్రత. ఫ్యాన్ ఆపేయండి. ఐదుసార్లు తీసి సగటు చూడండి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు: మేలిమి వెండి 10.5, పదో వంతు రాగి కలిస్తే 10.3, సీసం 11.3, రాగి 8.96, ఇత్తడి 8.5 దగ్గర, 22 క్యారెట్ బంగారం 17.7 దగ్గర.

మీ లాట్ 1 లాంటిది 2.61 గ్రా. వెండి అయితే కాటా 0.25 చూపాలి. లోపల ఇత్తడి ఉంటే 0.31 చూపిస్తుంది. 0.06 తేడాని మీ కాటా పట్టేస్తుంది. ఫణం 0.44 గ్రా. బంగారం అయితే ఘనపరిమాణం 0.025. మీ కాటా 0.02 అనో 0.03 అనో అంటుంది, భాగిస్తే ఒకసారి 22, ఒకసారి 14.7. క్యారెట్ ఏం తేలుతుంది? ఇత్తడైతే 0.05 చూపిస్తుంది కాబట్టి ఇత్తడా కాదా అన్నది మాత్రం తెలుస్తుంది. 0.001 కాటా ఉంటే 16.9 నుంచి 18.3 మధ్యకి బిగుస్తుంది. వరహా లాంటి 3.4 గ్రా. నాణేనికైతే మీ కాటా చాలు.

లోపల గుల్ల ఉన్న పోతలకి ఇది బాగా పనిచేస్తుంది, సాంద్రత తక్కువొస్తుంది. రోమన్ దినారాలకి (రోమన్ల వెండి నాణేలు) మాత్రం తొందరపడి తీర్పు చెప్పొద్దు. రాగి మీద వెండి రేకు తొడిగిన నాణేలు ఆ కాలంలోనే ఉండేవి, అవి పాతవే, పాత దొంగలు చేసినవి. వాటికీ కొనేవాళ్లున్నారు, ధర వేరు.

తొట్లకొండ మెట్లు

ఇంతవరకు చెప్పిందంతా నాణెం చేతికొచ్చాక. అసలు కాపాడేది బిడ్ వేసే ముందు పంపే మెసేజ్. లాట్ ముగియడానికి కనీసం మూడు రోజుల ముందు అమ్మకందారుని ఇవి అడగండి: రెండువైపులా నిటారుగా తీసిన ఫొటో, అంచు మూడు కోణాల్లో, కాటా మీద అంకె కనబడేలా, ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఒకటి, ఎండలో నాణేన్ని మెల్లగా తిప్పుతూ 20 సెకన్ల వీడియో. చుట్టూ లైట్లు పెట్టి తీసిన వేలం ఫొటోలో నీడ ఉండదు, నీడ లేకపోతే పోత గుంటలు కనబడవు. ఒక పక్క నుంచి వాలుగా పడే వెలుతురే నిజం చెబుతుంది. అన్నీ పంపి అంచు ఒక్కటి పంపకపోతే దాన్నే జవాబుగా తీసుకోండి. రెండు ముక్కలు అతికించిన కాపీల గీత, ఆకురాయితో రాసిన గీతలు, మూసలోకి లోహం పోసిన మూతి, అన్నీ దాక్కునేది అంచులోనే.

పోత గుంటలకీ తుప్పు గుంటలకీ తేడా తెలియాలి. తుప్పు గుంట అడ్డదిడ్డంగా, అడుగున రంగు మారి ఉంటుంది. గాలి బుడగ గుంట సూదిమొనతో పొడిచినట్టు గుండ్రం, అడుగు నున్నగా ఉంటుంది. పోతలో అక్షరం లోతు మూలలు కూడా సబ్బు మీద అక్షరంలా మెత్తగా ఉంటాయి. అసలు నాణెం ఎంత అరిగినా ఆ మూలల్లో పదును మిగులుతుంది, వేలు తగిలేది ఎత్తులకే కదా.

అలాగని అరుగుదలే సాక్ష్యం అనుకోవద్దు. జర్మనీలో బెకర్ (1772-1830) అనే అచ్చుల దొంగ తను కొట్టిన నాణేల్ని ఇనుప రజను పెట్టెలో పోసి గుర్రబ్బండి స్ప్రింగులకి కట్టించి అరగదీసేవాడని చెబుతారు. రెండు వందల ఏళ్ల కిందటి తెలివి అది. ఇవాళ ఆ పనికి తిరిగే డబ్బా ఒకటి చాలు.

ముద్రల వెండి నాణేలు, అదే కార్షాపణాలు కొనాలనుంటే అవి కొత్తవాళ్లకి మంచి బడి. తూకం 3.2 నుంచి 3.4 గ్రా. మధ్య. ముందువైపు ఐదు గుర్తులు, ఐదు వేర్వేరు ముద్రలతో ఒక్కొక్కటిగా కొట్టినవి. కాబట్టి ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఎక్కిన చోట తర్వాతి గుర్తు ముందుదాన్ని నలిపేస్తుంది. పలచటి రేకు అయితే ప్రతి దెబ్బకీ వెనకవైపు చిన్న ఉబ్బు వస్తుంది. పోతలో, లేదా ఐదింటినీ ఒకే అచ్చులో చెక్కి కొట్టినదానిలో, అన్నీ ఒకే లోతు, ఎక్కిన చోట నలుగుడు ఉండదు, వెనక ఉబ్బూ ఉండదు. లాట్ కింద జీహెచ్ నంబరు (గుప్తా, హార్డేకర్ల పుస్తకంలో ఆ రకానికిచ్చిన సంఖ్య) రాస్తే ఆ నంబరుకి ఏ ఐదు గుర్తులుండాలో చూసి ఒక్కొక్కటీ లెక్కపెట్టండి.

పోల్చుకోవడానికి ఏసీసెర్చ్‌లో పాత వేలాల ఫొటోలు, జెనో సైటులో మన దేశపు నాణేలు బోలెడు దొరుకుతాయి. జెనోలో నకిలీలకు విడిగా పేజీలున్నాయి, అసలువాటికంటే అవే ఎక్కువ చూడండి. గూగుల్ లెన్స్‌లో లాట్ ఫొటో వేస్తే అదే ఫొటో ఇంకో అమ్మకందారు దగ్గర తేలడం కూడా జరుగుతుంది.

సీసం ప్రియుడు

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. ఇంట్లో దాచుకోవడానికి అడ్డు లేదు. అమ్మకం వ్యాపారంగా చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. కాబట్టి అమ్మకందారుని లైసెన్సు నంబరుతో బిల్లు అడగండి. ఆ బిల్లు మీద "వెండి నాణెం ఒకటి" అని కాదు, రాజు పేరు, బరువు, వ్యాసం, లాట్ నంబరు, అసలుది కాకపోతే ఎన్ని రోజుల్లోనైనా డబ్బు వాపసు అన్న మాట రాయించుకోండి. వేలం నిబంధనల్లో "ఉన్నది ఉన్నట్టు" అని ఉంటే ఆ వాపసు మాట చెల్లకపోవచ్చు, బిడ్ వేసే ముందే చదవాలి. కొనుగోలు కమిషన్, జీఎస్టీ, కొరియర్ కలిపి లెక్క వేసుకుని మీ గరిష్ఠ బిడ్ ఒక కాగితం మీద రాసుకోండి, ఆఖరి నిమిషంలో పూనకం వస్తుంది.

పార్సిల్ వచ్చినప్పుడు సీలు కనబడేలా, ఆపకుండా, కాటా మీద తూచే దాకా ఒకే వీడియో తీయండి. ఆన్‌లైన్ ఫొటోలో ఉన్నది అసలుదై, కవర్లో వచ్చింది పోత అయిన సందర్భాలకి అది తప్ప ఆధారం లేదు.

మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లతో వచ్చే లాట్లతో మరింత జాగ్రత్త. తొట్లకొండ, బావికొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి, బొజ్జన్నకొండలో సముద్రగుప్తుని బంగారు నాణెం దొరికింది, అవన్నీ నిజమే. అవి ప్రభుత్వ తవ్వకాలు, దొరికినవి ప్రభుత్వానివి. "బొజ్జన్నకొండది" అని ఎవరైనా అమ్మితే నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుది అయితే కేసు.

1818 కంపెనీ అర్ధణా మీద రామపట్టాభిషేకం అంటూ లక్షలు అడిగేవీ, బియ్యపు గింజల్ని తన వైపు లాక్కునే రాగి నాణెం అంటూ తిరిగేవీ ఇక్కడ చర్చించక్కర్లేదు. కంపెనీ అలాంటిది ఎప్పుడూ ముద్రించలేదు, ఏ నాణెమూ బియ్యం లాగదు.

బీచ్‌రోడ్డు నాణేలు

అమ్మకందారుని అడిగాను. కాటా ఫొటో పంపాడు, 2.58 చూపిస్తోంది. వీడియో పంపాడు, నాణేన్ని రెండు వేళ్లతో అంచు మూసి పట్టుకునే తిప్పాడు. అంచు ఫొటోకి జవాబు లేదు. మూడూ వదిలేశాను. వేరే చోట లైసెన్సుతో అమ్మే ఆయన దగ్గర ఏనుగు బొమ్మ సీసం ఒకటి తీసుకుంటున్నాను, చవకే, అంచు ఫొటోలు అడగకుండానే పెట్టాడు. ఒక్క సందేహం: మనది సముద్రపు గాలి కదా, సీసాన్ని దేంట్లో పెట్టాలి? ప్లైవుడ్ అల్మరాలో, ప్లాస్టిక్ కవర్ ఆల్బమ్‌లో పెడితే సరిపోతుందా?

గీటురాయి

రెండూ వద్దు. ప్లైవుడ్, కొత్త చెక్క, కొత్త పెయింటు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసానికి చీడ. మూసిన అల్మరాలో కొన్ని నెలలకే నాణెం మీద తెల్లటి పిండి లేస్తుంది, అది నిజమైన పొర కాదు, నాణెం తినుకుపోతున్న గుర్తు. మెత్తటి పీవీసీ కవర్లు రాగికీ వెండికీ కూడా ఆకుపచ్చ జిగురు పట్టిస్తాయి. గట్టిగా, కరకరలాడే పాలియెస్టర్ కవర్లు కొనండి. ఆ కవర్‌ని రబ్బరు అంచు బిగుసుకునే పాలీప్రొపిలీన్ వంటింటి డబ్బాలో పెట్టి, పక్కన రంగు మారే సిలికా జెల్ పొట్లం వేయండి. రంగు మారగానే గింజల్ని స్టీలు గిన్నెలో వేసి, సన్న సెగ మీద రంగు తిరిగొచ్చేదాకా వేడిచేసి, చల్లారాక మళ్లీ పొట్లం కట్టేయండి. వానాకాలంలో వారానికోసారి చూడాలి. ఊరగాయ జాడీలుండే అలమర మాత్రం వద్దు.